చెవులు నిక్కబొడిస్తేనే డాబర్‌మనా?

డాబర్‌మన్ అనగానే కొమ్ముల్లా నిక్కబొడుచుకున్న చెవులే గుర్తొస్తాయి. నిజానికి అది పుట్టేది వేలాడే చెవులతోనే! రెండు మూడు నెలల పిల్లకు మత్తిచ్చి, చెవుల్ని కొంత కత్తిరించి, నిలబడేందుకు వారాలూ నెలల తరబడి టేపు చుడతారు. ఇంతా చేశాక కూడా కొన్నిటికి నిలబడవు. వినికిడి పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు... అదంతా మన కంటికింపు కోసమే. జంతువుల అవయవాలు కోయడాన్ని మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రూరత్వంగానే లెక్కిస్తుంది.

ఇప్పటికే కోయించిన పిల్లను తెచ్చుకున్నారా? కుట్లు తడవనీయకండి. కాలితో గోక్కోకుండా మెడకు గరాటులాంటి కాలర్ వేయించండి. టేపు తడిసినా, చీము, వాపు, దుర్వాసన కనిపించినా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. నొప్పికని ఇంట్లోని ఐబుప్రొఫెన్ మాత్ర మాత్రం వేయొద్దు. కుక్కలకది విషం.