తాతగారి కారుకి కొత్త పట్టీ!

పూత మొదలైందంటే నూజివీడు తోటలు ఘుమఘుమలాడిపోతాయి. అక్కడి పాత లోగిళ్లలో చెట్టు నీడన నిలిపిన ఏ అంబాసిడరో, పద్మినో ఇప్పటికీ కనిపిస్తుంటుంది. తాతగారు ముచ్చటపడి కొన్నది, అమ్మ పెళ్లికూతురిగా ఎక్కి దిగినది. ఇంజిను బాగానే ఉంటుంది, తుడిస్తే రంగూ మెరుస్తుంది. చిక్కల్లా బంపరు దగ్గరే. దాని మీది రబ్బరు పట్టీ బీటలు వారి, చివర్లు ఊడి వేలాడుతుంటుంది. 'పీకి పారేస్తే పోలా' అనిపిస్తుంది. సరిగ్గా ఆ పనే చేయకూడదు!

నీడా చేటే...
రబ్బరుకి ఎండా, గాలిలోని ఓజోనూ పడవు. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తదనం పోయి గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. పోనీ చెట్టు కింద పెడదామా అంటే, పూత కాలంలో తేనెమంచు పురుగులు విసర్జించే జిగట బంక కారంతా పడుతుంది. దాని మీద మసి తెగులు నల్లగా పేరుకుంటుంది. కాయలు కోసేటప్పుడు కారే సొన మరీ ఘాటు. అందుకే రేకుల షెడ్డో, గాలి ఆడే గుడ్డ కవరో మేలు. బంక పడితే ఆరేలోపే సబ్బునీళ్లతో కడిగేయాలి. చాలామంది కిరోసిన్ గుడ్డతో తుడుస్తారు. అది రబ్బరుని ఉబ్బించి ఇంకా పాడు చేస్తుంది.

అసలు శత్రువు వెనకే
పట్టీ వదులైతే వాన నీళ్లు దాని వెనక చేరతాయి. తడి ఆరదు. పైకి కనిపించకుండానే తుప్పు మొదలవుతుంది. ఉక్కు బంపరు మీద క్రోమియం పూత మందం మైక్రాను కన్నా తక్కువే. తుప్పుని అడ్డుకునేది దాని కిందున్న నికెల్ పొర. అందులో చిన్న రంధ్రం పడ్డా ఉక్కు తినేసుకుపోతుంది. పట్టీ చవకే, బంపరుకి మళ్లీ పూత వేయించడమే ఖరీదు. కాబట్టి పట్టీ మార్చడం సోకు కోసం చేసే పని కాదు, బంపరుని కాపాడుకోవడం.

విప్పేముందు...
* అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. కుడి, ఎడమ ముక్కలకు చీటీలు అంటించండి.
* తుప్పు పట్టిన బోల్టుల్ని బలవంతం చేయొద్దు. వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె పోసి ఓ రాత్రి వదిలేయండి. ఆ నూనె రబ్బరు మీద పడనివ్వద్దు.
* ఉక్కు బంపరు బరువు. దించేటప్పుడు ఇద్దరుండాలి.
* గట్టిపడిన రబ్బరుని వేడినీటి గుడ్డతో కాసేపు కాపితే విరక్కుండా వస్తుంది.
* వెనక తుప్పు పైపైన ఉంటే గీకేసి, తుప్పు నిరోధక ప్రైమరు వేస్తే చాలు. గుంటలు పడితే మాత్రం ప్లేటింగు చేసే చోటికి పంపాల్సిందే. అందులో వాడే ఆమ్లాలు, క్రోమియం రసాయనాలు విషపూరితం. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

పాత ముక్కే కొలత
పద్మిని తయారీ 2001 నాటికే ముగిసింది. అంబాసిడర్ ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. కంపెనీ నుంచి కొత్త భాగం వస్తుందని ఎదురుచూసే రోజులు కావివి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత సరుకు వెతకాలి, లేదా అదే ఆకారంలో రబ్బరు చేయించుకోవాలి. ఎక్కడికెళ్లినా కొట్టు యజమాని మొదట అడిగేది ఒకటే... 'పాత ముక్క తెచ్చారా అండీ?' పొడవు, మందం, వంపు, క్లిప్పుల మధ్య దూరం అన్నీ అందులోనే ఉంటాయి. అది పారేస్తే అచ్చు పోయినట్టే! ఎండకు ఓర్చుకునే ఈపీడీఎం రబ్బరు దొరికితే మరీ మంచిది.

కొత్త పట్టీని మధ్య నుంచి చివరలకు బిగించుకుంటూ రావాలి. సాగదీసి తొడిగితే కొన్నాళ్లకు ముడుచుకుపోయి చివర్లలో సందు తేలుతుంది. కాస్త పొడవుగానే ఉంచి, చివర్లో కోసుకోవాలి. నీళ్లు జారిపోయే రంధ్రాల్ని మూసేయకూడదు.

ఇంకో మాట. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన వాహనం, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉంటే 'వింటేజ్'గా నమోదు చేసుకోవచ్చు. అయితే దాన్ని రోజువారీ అవసరాలకు నడపకూడదు. 1970ల తొలినాళ్లలో కొన్న కార్లు ఆ వయసు దాటేశాయి. అందుకని ఆధునికంగా ఉంటుందని ఏ ప్లాస్టిక్ బంపరో తగిలించేముందు ఆలోచించండి.

అన్నట్టు, పని పూర్తయ్యాక కూడా పాత పట్టీని డిక్కీలో ఓ మూల దాచండి. ఈ కారుకి మళ్లీ పట్టీ మార్చాల్సిన రోజున, మీ మనవడికి కొలత కావాలిగా!