కుక్కను సాదుడు గూడ నేర్పాల్సిన పనే

యూరియా బస్తా కోసం చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డ రైతులకు కుక్కల మీద క్లాసులు ఏందని నవ్వేటోళ్లు నవ్వుండ్రి. నవ్వినంక మొత్తం చదవండి. ఇంట్ల కుక్క ఉన్నోళ్లను ఏడాదికి ఒక్క పూట రైతు వేదికల కూసోబెట్టి, దాన్ని ఎట్ల సాదాలె, విడిచిపెట్టకుండ ఎట్ల నిలుపుకోవాలె అని చెప్పాలె. నేను అడిగేది ఇంతే. కొత్త పథకం అక్కర లేదు, కొత్త బిల్డింగు అక్కర లేదు. రాష్ట్రంల 2,601 రైతు వేదికలు కట్టిండ్రు. మా క్లస్టర్ వేదిక మంగళవారం వీడియో మీటింగుకు తెరిస్తే, మిగతా దినాలు ఎక్కువగా తాళం ఏసే ఉంటది.

ఊర్ల కుక్కలు ఎక్కువైనయని అందరం మొత్తుకుంటున్నం. ఎక్కడినుంచి వచ్చినయని మాత్రం అడుగం. ఒకసారి లెక్క చూడండి. చిత్త కార్తె అక్టోబర్ రెండో వారంల మొదలైతది. కుక్క చూలు 63 రోజులు, అటు ఇటుగ. అంటే ధనుర్మాసం చలిల గడ్డివాముల సందున, కల్లాల కాడ ఒక్కో తల్లి ఐదారు పిల్లలను ఈనుతది. సంక్రాంతి సెలవులకు వచ్చిన పోరగాళ్లు ముద్దుగుందని ఒకదాన్ని ఎత్తుకపోతరు. అప్పటికి దానికి నెల గూడ నిండదు, తల్లిపాలు మరవలేదు. ఎండకాలం వచ్చేసరికి అది చెప్పులు కొరుకుతది, కోడిపిల్లను పడ్తది, రాత్రంత మొరుగుతది. ఒకనాడు సంచిల ఏసుకొని బండి మీద పోయి పక్కూరి పొలిమేరల ఇడిసి వస్తరు. పక్కూరోళ్లు వాళ్ల దాన్ని మన పొలిమేరల ఇడుస్తరు. బాకీ తీరిపోయె!

ఇంక హైవే పక్క ఊర్లదైతే వేరే కథ. లాక్‌డౌన్ల పొద్దుపోక కొన్న జాతి కుక్కలు తర్వాత కార్లల్ల వచ్చి మా చెరువు కట్ట మీద దిగినయి. మంచుల బండ్లు గుంజే హస్కీని తెచ్చి మే నెల ఎండల మన దిక్కు ఇడిస్తే అది ఎన్ని రోజులు బతుకుతది? పట్నం వాళ్లకు వేరే క్లాసు కావాలె, అది వాళ్లు చూసుకోవాలె. నేను మన ఇండ్ల గురించే చెప్తున్న.

ప్రేమ లేక కుక్కను విడిచిపెడ్తరు అంటే నేను ఒప్పుకోను. మా ఊర్ల ఒకామె, భర్త లేడు, కొడుకు పట్నంల డ్రైవరు. ఇంటికి తోడుగ కుక్కను సాదింది. ఎవరినీ కరవకూడదని గుంజకు రెండు మూరల గొలుసుతోటి పగలూ రాత్రి కట్టే ఉంచింది. పగలంత కట్టేసి, నడిపియ్యక, మనుషులను దగ్గరికి రానియ్యక పెంచితే ఏ కుక్కకైనా ఉద్రేకం పెరుగుతది. ఒకరోజు గొలుసు తెగి ఒక పిల్లగాని మీదికి ఉరికింది. కరవలేదు, కానీ గల్లీ అంత ఒక్కటై తీసెయ్యమన్నరు. పంపించింది. ఇప్పుడు రాత్రిపూట ఆమె తలుపుకు గడియతో పాటు రోకలి అడ్డం పెట్టుకొని పంటది. పగలు నీడల గొలుసు పొడుగు పెట్టాలె, పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తిప్పుకొని రావాలె, వచ్చిపోయేటోళ్లను చిన్నప్పటినుంచే అలవాటు చెయ్యాలె అని ఆమెకు ఎవరు చెప్పిండ్రు? బర్రెకు ఎద సూది ఎప్పుడు ఏయించాలో గోపాలమిత్ర వచ్చి చెప్తడు. పత్తికి గులాబీ పురుగు వస్తే ఏఈవో చెప్తడు. కుక్క దగ్గరికొచ్చేసరికి ఎవరూ లేరు.

కట్టెయ్యకుంటే ఇంకో బాధ. పగలు వాకిట్ల తోక ఊపుకుంట పండే కుక్క, రాత్రి గుంపుల కలిస్తే మంద మీద పడ్తది. పొద్దున చూస్తే దాని మెడల మన పట్టీనే ఉంటది. 2017ల గొర్ల పంపిణీ కింద ఒక యూనిట్ అంటే 20 గొర్లు, ఒక పొట్టేలు. ఒక్క రాత్రి ఆరు జీవాలు పోతే యూనిట్ల పావు వంతు కంటే ఎక్కువ పోయినట్టే. ఆ గొల్లాయన అన్నంల మందు కలిపి పెడితే తప్పు పడ్తం. తప్పే. భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద జంతువును చంపితే ఐదేండ్ల దాక జైలు పడొచ్చు. కానీ ఆయన నష్టం ఎవరు కడ్తరు? కుక్క యజమాని ముందే రాత్రి కట్టేస్తే ఆ మాట దాక రాదు. పగలు తిప్పి, రాత్రి కట్టెయ్యాలె. మనం సరిగ్గా ఉల్టా చేస్తున్నం.

క్లాసుల ఏం చెప్పాలె అంటే, ముందు పిల్లను తెచ్చే వయసు. ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలె. తోటి పిల్లలతో కొట్లాడుకుంట ఆడేటప్పుడే ఎంత గట్టిగ కొరికితే ఎదుటిదానికి నొప్పి లేస్తదో నేర్చుకుంటది. ముందే గుంజుకొస్తే ఆ బుద్ధి రాదు, పెద్దగైనంక మన చెయ్యి కొరుకుతది. తర్వాత పార్వో. రక్తం పడుకుంట పారితే మూడు నాలుగు దినాలల్ల పిల్ల పోతది, "దిష్టి తాకింది" అంటరు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుల మిగతావి ఏయిస్తే చాలావరకు గండం గడుస్తది. మూడు నెలలు నిండినంక రేబిస్ టీకా, ఆ తర్వాత బూస్టరు, ఏటా ఒకటి. ఆడదైనా మగదైనా ఆరు నెలలు దాటినంక డాక్టర్‌కు చూపించి పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించాలె. చిత్త కార్తె లెక్క ఆగేది అక్కడ్నే.

పిడుదుల సంగతి గట్టిగ చెప్పాలె. చేన్ల కొట్టే మందు మిగిలిందని నీళ్లల్ల కలిపి కుక్కకు పూసేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. అది నాకుతది, గిలగిల కొట్టుకొని చస్తది, పూసినోళ్ల చేతులకు గూడ అదే విషం. జ్వరం వచ్చిందని మనం మింగే పారాసిటమాల్ గోలి వెయ్యొద్దు, పిల్లికైతే అసలే వద్దు, ప్రాణం పోతది. ఉడికిన కోడి బొక్కలు వెయ్యొద్దు, చీలి పేగుల గుచ్చుకుంటయి. ఇవి పెద్ద చదువులు కావు. డాక్టర్ అరగంటల చెప్పే మాటలు.

రేబిస్ కాడ మాత్రం అరగంట చాలదు. కుక్క కరిస్తే కారం పెట్టుడు, సున్నం పెట్టుడు, పసరు పోసుడు ఇంక పోలేదు. పారే నీళ్ల కింద సబ్బుతోటి 15 నిమిషాలు కడగాలె. ఆ తర్వాత నేరుగా సర్కారు దవాఖానకు. చర్మంల ఇచ్చే సూదులైతే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజులు. మూడో సూదికి ఆపేసేటోళ్లే ఎక్కువ, వరి కోతలున్నయనో కూలి పోతదనో. గాయం లోతుగ ఉండి రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ గూడ కావాలె, అడిగి ఏయించుకోవాలె. రేబిస్ లక్షణం బయటపడ్డదంటే మందు లేదు. అనుమానం ఉన్న జంతువు కరిచినోళ్లల్ల నూటికి నలభై మంది 15 ఏండ్ల లోపు పిల్లలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. బడిల గూడ ఈ ముచ్చట చెప్పాలె, ఎందుకంటే చిన్న గాటు పడితే పిల్లలు తిడ్తరేమోనని ఇంట్ల చెప్పరు.

ఇంకొకటి. కరిచిన కుక్కను ఉరికిచ్చి కొట్టి చంపుతం. సాదుకున్న కుక్కైతే పది దినాలు కట్టేసి చూడాలె. పది దినాలు మంచిగుంటే కరిచిన నాడు దాని ఉమ్ముల రేబిస్ లేనట్టు. సూదులు మాత్రం ఆ పది దినాలు ఆగకుండ మొదటి రోజు నుంచే మొదలు పెట్టాలె. కుక్కను చంపితే ఆ సంగతి తెలిసే దారి ఉండదు.

చెప్పేటోళ్లు ఎవరు అనేది అసలు ముచ్చట. పశువుల డాక్టర్ ఒక్కడు మైకు పట్టుకుంటే సగం మంది ఫోన్లు చూస్తరు. డాక్టర్ పక్కకు గొర్లు కాసే ఒక కురుమ పెద్దమనిషిని నిలబెట్టండి. చిన్న పిల్ల అప్పటినుంచే కుక్కను మందల పెంచితే గొర్రెపిల్ల మీది కాలెయ్యదు, మంద కోసం తోడేలుతో కొట్లాడ్తది అనేది ఆయనకు తాత నుంచి వచ్చిన చదువు. పొలంబడి మనకు తెలుసు గదా, చేన్ల నిలబడి ఆకు తిప్పి పురుగును చూపిచ్చినందుకే ఆ మాటలు గుర్తున్నయి. ఇది గూడ అట్లనే. కుక్కను తీసుకొని రమ్మనాలె, టీకా అక్కడ్నే ఏసి, గొలుసు ఎట్ల కట్టాలో అక్కడ్నే చూపియ్యాలె.

టైము పొద్దున పదకొండుకు పెడితే మొగోళ్లే వస్తరు, వాళ్లల్ల సగం మంది కుక్కకు ఒక్కనాడు బువ్వ పెట్టినోళ్లు కారు. బువ్వ పెట్టేది ఆడోళ్లు. పత్తి ఏరే దినాలల్ల వాళ్లకు పగలు తీరదు. మహిళా సంఘం నెల మీటింగుల అరగంట అడిగితే అయిపోతది.

పైసలు ఎవరియ్యాలె అని అడుగుతరు. రేబిస్ టీకా జూలై 6న సర్కారు పశువుల దవాఖానలల్ల ఉచితంగా ఏస్తరు. 1885ల అదే తారీఖున పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేండ్ల పిల్లగానికి మొదటి టీకా ఏసిండు, అందుకే ఆ రోజు. మా ఊర్ల ఆ దినం వచ్చిందీ తెలువది, పోయిందీ తెలువది, ముందు రోజు డప్పు సాటింపు ఏయిస్తే అయ్యే పని. ఆపరేషన్ మాత్రం ఖర్చుతోటిదే. వీధి కుక్కల ఆపరేషన్ బాధ్యత 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది, అంటే ఊర్ల పంచాయతీది. ఒక్క పంచాయతీతోటి కాదు, మండలంల అన్ని ఊర్లు కలిసి ఏడాదికి రెండు దినాలు డాక్టర్లను పిలిపిస్తే అయితది. కుక్కలను పట్టి దూరం ఇడిసి రావడానికి డీజిల్ కొట్టిచ్చేదానికంటే ఇది నయం, ఎందుకంటే ఖాళీ అయిన జాగకు మళ్ల పక్కూరి కుక్కలే వస్తయి.

వచ్చే గ్రామసభల ఈ ముచ్చట పెడ్తున్న. జూలై 6 కంటే వారం ముందు, మాపటికి ఏడు గంటలకు, రైతు వేదికల ఒక్క పూట. మీ మండలంల గూడ పశువుల డాక్టర్‌కు, ఏఈవోకు ఒక కాగితం రాసియ్యండి, సర్పంచు సంతకం పెట్టిచ్చి. ఎవరన్నా ఇప్పటికే పెట్టి ఉంటే ఎంతమంది వచ్చిండ్రు, ఏం అడిగిండ్రు అనేది రాయండి, మాకు పనికొస్తది.