ఆ నాలుగు పట్టీలు విప్పేయండి

పాత స్పోర్ట్స్ కార్ల యజమానులకు, క్లబ్బులకు, విడిభాగాలు అమ్మేవారికి:

వేసవి వస్తే బ్రిటన్‌లో పచ్చికబయళ్ల మీద పాత కార్లు బారులు తీరతాయి. ఒక ఎమ్‌జీబీ కారు లోపలికి తొంగి చూడండి. ఫ్యాక్టరీ సీటు పోయి గట్టి బకెట్ సీటు వచ్చింది. దాని మీద ఎర్రటి నాలుగు పట్టీల హార్నెస్. భుజం పట్టీలు సీటు వెనక నిట్టనిలువుగా దిగి, నేల రేకుకు ఒక్కో బోల్టుతో బిగిసి ఉన్నాయి. చూసినవాళ్లు మెచ్చుకుంటున్నారు. మేం తీసి పారేయమంటున్నాం. రేసు కారు సరంజామాలో సగమే తెచ్చి రోడ్డు కారులో పెడితే, 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించిన మామూలు మూడు బిందువుల బెల్టు కంటే అది హీనం.

బెల్టు ఒంటి మీద ఎక్కడ ఆనుతుందన్నదే అసలు సంగతి. కటి ఎముక మీద ఆనితే దెబ్బను ఎముక తట్టుకుంటుంది. పొట్ట మీదికెక్కితే పేగులు తట్టుకోవాలి. నాలుగు పట్టీల హార్నెస్‌లో భుజం పట్టీలు రెండూ వచ్చి నడుం పట్టీ బకిల్‌లోనే దిగుతాయి. కారు గుద్దుకున్న క్షణంలో ఛాతీ ముందుకు తోసుకొస్తే అవి బిగుసుకుని బకిల్‌ను పైకి లాగుతాయి. నడుం పట్టీ ఎముకను వదిలేస్తుంది, మనిషి దాని కిందుగా జారిపోతాడు. ఆ జారుడును ఆపేది తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ. 1970 సెప్టెంబరు 5న మోంజాలో లోటస్ 72 బారియర్‌ను గుద్దినప్పుడు ఫార్ములా వన్ డ్రైవర్ యోహన్ రింట్ ఆ పట్టీ పెట్టుకోలేదు. మంటలంటుకుంటే త్వరగా బయటపడాలన్నది ఆయన ఆలోచన. కిందికి జారిపోయాడు, బకిల్ గొంతు కోసింది. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ చనిపోయిన మనిషికి దక్కింది. 1972 నుంచి ఫార్ములా వన్‌లో ఆరు పట్టీలు తప్పనిసరి. అక్కడ అర్ధ శతాబ్దం కిందటే చెల్లిపోయిన సరుకును మనం ఇవాళ డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం.

అంతకంటే ఘోరం ఆ నేల బోల్టు. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నియమాల ప్రకారం భుజం పట్టీ సీటు వెనక దాదాపు 10 డిగ్రీల వాలులో పోవాలి, ఎంత చేసినా 45 దాటకూడదు. నేలకు దిగిన పట్టీ బిగుసుకుంటే మనిషిని వెనక్కి పట్టి ఉంచదు, భుజాలను కిందికి గుంజుతుంది. ఆ గుంజుడు పడేది వెన్నుపూసల మీద. ఇక ఆ రేకు! 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైన ఎమ్‌జీబీకి విడిగా చాసిస్ లేదు, రేకు ఒళ్లే దానికి ఎముకలు. తివాచీ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, ఎక్కడ దిగబడుతుందో. కొత్తగా బెల్టు బిగించే ప్రతి చోటా కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక వేయమని అదే ఎఫ్ఐఏ చెబుతుంది. తుప్పు రేకుకు పావలా కాసంత వాషర్ వేసి నట్టు బిగించినవాడు మెకానిక్ కాడు, హంతకుడికి సాయం చేసినవాడు.

సరే, తొడల పట్టీ వేస్తాం, భుజాల ఎత్తులో అడ్డకడ్డీ కూడా పెడతాం అంటారు. పెట్టండి. ఇప్పుడు మనిషి నిటారుగా సీటుకు బందీ. గుడ్డ టాపు కారు బోర్లాపడితే మూడు బిందువుల బెల్టులో ఒళ్లు ఒరగడానికి కొంతైనా వీలుంది, ఇందులో అదీ లేదు. కాబట్టి రోల్ బార్ కావాలి. రోల్ బార్ పెడితే వట్టి తలకు జానెడు దూరంలో ఉక్కు గొట్టం. కాబట్టి హెల్మెట్ కావాలి. హెల్మెట్‌తో తల బరువెక్కుతుంది, కట్టేసిన ఒంటి మీద మెడ ఒక్కటే ఊగుతుంది. కాబట్టి హాన్స్ లాంటి మెడ కాపు కావాలి. 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసు చివరి ల్యాపులో పుర్రె అడుగు ఎముక విరిగి చనిపోయిన డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్‌కు లేనిది అదే. అక్టోబరుకల్లా అమెరికా కార్ల రేసుల సంస్థ నాస్కార్ అలాంటి కాపును తప్పనిసరి చేసింది. కౌపీన సంరక్షణార్థం మొదలైన సంసారం పాల ప్యాకెట్‌కు హెల్మెట్ పెట్టుకుని వెళ్లేదాకా వచ్చింది. ఇదంతా చేసేవాళ్ల చోటు రేసు ట్రాకు, అక్కడ మేం వాళ్లకు అడ్డు చెప్పం. మిగతావాళ్లది వేషం.

పాత సీటుకు తల ఆసరా లేదన్నది మాత్రం నిజమే. దానికి తల ఆసరా ఉన్న రోడ్డు సీటు వేసుకోవచ్చు, బకెట్ సీటే అక్కర్లేదు. జర్మనీలో ఒక భుజం పట్టీ కాస్త సాగేలా చేసి, రోడ్డు అనుమతి పొందిన నాలుగు పట్టీల బెల్టు ఉందంటారు. ఉంది, ఫలానా కారుకని లెక్క చూసి అనుమతించినది. మీ ఎర్ర పట్టీలకు దానితో చుట్టరికం లేదు. పైగా కూడలిలో మెడ చాచి పక్కకు చూడాలన్నా, డాష్‌బోర్డు స్విచ్ అందుకోవాలన్నా బిగించిన హార్నెస్ ఒప్పదు. అందుకని వదులు చేసుకుంటారు. వదులు హార్నెస్ దేన్ని ఆపుతుంది? అందంగా ఉంటుందన్న వాదనకు జవాబు చెప్పం.

వసంతంలో కార్లు బయటికి తీసేలోపే ఈ పని జరగాలి. యజమానులు ఫ్యాక్టరీ ఇచ్చిన బిందువులకే మూడు బిందువుల ఇనర్షియా రీల్ బెల్టు బిగించుకోవాలి; ఆ బిందువులు లేని కారైతే చుట్టూ రేకు బాగుచేయించి పలక వేయించాలి. క్లబ్బులు నేలకు బిగించిన భుజం పట్టీలున్న కారును సామూహిక యాత్రలకు రానివ్వకూడదు. అమ్మేవాళ్లు ఆ పెట్టె మీద రోడ్డుకు పనికిరాదని పెద్దక్షరాల్లో అచ్చేయాలి. విప్పిన హార్నెస్‌ను మాత్రం సెకండ్ హ్యాండ్ బల్ల మీద పెట్టకండి. పట్టీలను బకిల్ దగ్గర కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేయండి.