డిక్కీలో తడికి సెంటు సీసా మందు కాదు

కారు స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా డిక్కీ మాత్రం మన రాజ్యమే. రైతుబజారు సంచులు, మంచినీళ్ల టిన్ను, ఊరినుంచి వచ్చే బియ్యం బస్తా, అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ, పెళ్లికెళితే చీరల సూట్‌కేసు... ఏది ఒలుకుతుందో, ఏది నలుగుతుందో, దేనిమీద ఏది పెట్టకూడదో మనకే తెలుసు. కానీ అదే డిక్కీలో తడి చేరిందంటే "అది కారు విషయం, నీకెందుకు" అంటారు. ఇంట్లో గోడకి చెమ్మ వస్తే మన పని, కారులో చెమ్మ వస్తే మన పని కాదా? ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

వానలు మొదలైన రెండు మూడు వారాలకి చాలా కార్లలో ఒక వాసన పుడుతుంది. ఆరని బట్టలు మూటకట్టి వదిలేస్తే వస్తుంది చూడండి, ఆ ముక్కిపోయిన వాసన. ముందు తెలిసేది మన ముక్కుకే. ఆ మాట చెప్పగానే ఇంట్లో మగవాళ్లు చేసే మొదటి పని ఓ సెంటు సీసా తెచ్చి ఏసీ దగ్గర తగిలించడం. ఇక మల్లెపూలూ, ముక్కిన బియ్యమూ కలిపి వాసన చూసినట్టే! మా ఇంట్లోనూ అంతే జరిగింది. నేను మాత్రం ఒకటే అంటాను. వాసన వస్తోందంటే ఎక్కడో నీళ్లు నిలిచాయని కారు మనకి చెబుతోంది. దాని నోరు మూయించకూడదు.

ఎందుకింత పట్టుదల అంటారా? చాలా కార్లలో డిక్కీ మ్యాట్ కింద ఒక అట్ట, ఆ అట్ట కింద గుంట, ఆ గుంటలో స్టెప్నీ, జాకీ, పానా ఉంటాయి. నీళ్లు ఎటునుంచి దిగినా చివరికి చేరేది ఆ గుంటలోకే. పైన మ్యాట్ పొడిగానే ఉంటుంది, కింద స్టెప్నీ నానుతూ ఉంటుంది. నెలల తరబడి అలా ఉంటే రేకు తుప్పు పడుతుంది, జాకీ మర బిగుసుకుపోతుంది. రాత్రివేళ, పిల్లల్ని వేసుకుని హైవే మీద వెళ్తుండగా టైరు పంక్చరైతే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఇంకోటి బూజు. హ్యాచ్‌బ్యాక్ కార్లలో డిక్కీకీ, మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండేది సీటూ, పైన ఒక అట్టా మాత్రమే. ఆ బూజు గాలినే అద్దాలు మూసుకుని అందరం పీలుస్తాం. ఎలర్జీ, ఉబ్బసం ఉన్న పిల్లలకి కారెక్కగానే తుమ్ములూ ఆయాసమూ మొదలైతే డిక్కీ వైపు కూడా ఓ చూపు వేయండి.

తడి కనబడిన ప్రతిసారీ కారుతున్నట్టు కాదు లెండి. మడిచి పడేసిన గొడుగు, బీచిలో తడిసిన బట్టలు, మూత సరిగ్గా పడని నీళ్ల టిన్ను కూడా ఈ పని చేస్తాయి. తేడా తెలుసుకోవడం సులువే. గుంటంతా పొడిగా తుడిచి, పాత దినపత్రికలు పరిచి, ఏ సామానూ పెట్టకుండా ఒక వాన చూడండి. కాగితం తడిసిందంటే నీళ్లు బయటినుంచి వస్తున్నట్టే. పొద్దున్నే వెనక అద్దం లోపలి వైపు ఆవిరి పడుతున్నా అనుమానించాల్సిందే.

ఇక దారి వెతకడం. కప్పు కారే ఇంట్లో ఒక్కరోజైనా ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. స్లాబు మీద చీలిక ఒకచోట ఉంటుంది, చుక్క ఇంకోచోట పడుతుంది. కారూ అంతే. డిక్కీ తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్, వెనక లైట్ల వెనకాల ఉండే వాచరు, తలుపులోకి వైర్లు వెళ్లే చోట ఉండే రబ్బరు గొట్టం, కప్పు మీది యాంటెన్నా మొదలు, వెనక అద్దం వైపరుకి నీళ్లు తెచ్చే సన్న పైపు, వెనక బంపరు చాటున గాలి పోవడానికి ఉంచిన కిటికీలు... వీటిలో ఏదైనా కావచ్చు. సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని నీళ్లు పోయే గొట్టాలు ఆకులూ దుమ్మూ పట్టి పూడుకుపోవచ్చు. వెనక నుంచి ఎవరైనా గుద్ది, రేకు సరిచేయించిన కార్లలో అతుకుల దగ్గర కూడా చూడాలి.

మా కారుని షెడ్డుకి తీసుకెళితే, ఆ అబ్బాయి మ్యాట్ కూడా ఎత్తకుండానే "బీడింగ్ పోయింది సార్" అన్నాడు. అడిగింది నేను, జవాబు మావారికి! బీడింగ్ మార్చాడు, డబ్బు తీసుకున్నాడు. తర్వాతి వానకి కాగితాలు మళ్లీ తడిశాయి. అప్పుడు వెనక సీటు మడిచి, తలుపులు తెరిచే ఉంచి, టార్చి పట్టుకుని నేను లోపల కూర్చున్నాను. మా అమ్మాయి బయటినుంచి పైపుతో సన్నగా నీళ్లు పోసింది. కింద బంపరు దగ్గర మొదలుపెట్టి, కాసేపు ఆగుతూ, కొద్దికొద్దిగా పైకి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తెలియదు. నీళ్లు ఎడమ లైటు దాకా రాగానే దాని వెనకనుంచి ఒక ధార రేకు వెంబడి గుంటలోకి జారింది. లైటు వాచరు అణిగిపోయి ఉంది. దాన్ని మార్చడానికి బీడింగ్‌కి పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

బీడింగ్ సంగతి తేల్చుకోవడానికీ చిట్కా ఉంది. తలుపుకీ రబ్బరుకీ మధ్య ఒక కాగితం పెట్టి మూసి, మెల్లగా లాగండి. బిగువుగా వస్తే సరే. ఏదైనా ఒకచోట జారుతూ వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు.

దారి మూసేదాకా ఆరబెట్టి లాభం లేదు. మూశాక మాత్రం పూర్తిగా ఆరబెట్టాలి. మ్యాట్ పైన తుడిస్తే చాలదు, అడుగున ఉండే దళసరి పొర పరుపులాగా నీళ్లు పీల్చుకుంటుంది. బయటకి తీసి రెండు వైపులా ఎండ తగలనివ్వాలి. బూజు పట్టి ఉంటే ముక్కుకి గుడ్డ కట్టుకుని సబ్బునీళ్లతో కడగాలి. ఆ తర్వాత మిగిలిన కాస్త వాసనకి గిన్నెలో వంటసోడా పెడితే చాలు.

పాత కారు కొనేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. వాటిని కడిగి, పాలిష్ పెట్టి, సీట్లకి కొత్త కవర్లు వేస్తే ఎవరు పోల్చుకుంటారు? డిక్కీ గుంట మాత్రం అంత తేలిగ్గా అబద్ధమాడదు. మగవాళ్లు ఇంజను చప్పుడు వింటుండగా మీరు వెళ్లి మ్యాట్ ఎత్తండి. మూలల్లో బురద చారలు, స్టెప్నీ బోల్టుకి తుప్పు, జాకీ సంచిలో సన్నటి మట్టి ఉంటే ధర అడగకుండానే వెనక్కి రండి. లోపలంతా సెంటు గుప్పుమంటున్నా అనుమానించండి.

"ఇవన్నీ చూసుకోవడానికి మెకానిక్ ఉన్నాడుగా" అని మా చెల్లెలు అంటుంది. ఉన్నాడు, కాదనను. విప్పడం, బిగించడం అతని పనే. కానీ వాసన పసిగట్టడం, ఏ వానకి ఎక్కడ తడిసిందో గుర్తుపెట్టుకోవడం, బాగయ్యాక నిజంగా ఆరిందో లేదో చేయి పెట్టి చూడడం, వారానికోసారి ఆ కారులో సరుకులు సర్దేవాళ్లకే సాధ్యం. పప్పు డబ్బాలో పురుగు పడిందని మూత తీయకముందే చెప్పగలిగే ముక్కులు మనవి. వాటిని కారు దగ్గర మూసుకోవడం దేనికి?

రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో వడియాలూ, మిరపకాయలూ ఎలాగూ డాబా ఎక్కుతాయి. వాటి పక్కన డిక్కీ మ్యాట్‌కి కూడా కాస్త చోటివ్వండి. అది ఎండేలోగా కిందికి దిగి, గుంటలో చేయి పెట్టి చూసి రండి. మృగశిర దాకా ఆగకండి.