పిక్క మనది, పప్పు ఎవరిది?

ఉద్దానంలో జీడిచెట్టు పూతకు రాకముందే కాపులో కొంత చేతులు మారిపోతున్నది. ఆడపిల్ల పెళ్ళికో, వైద్యానికో, సంక్రాంతి ఖర్చుకో షావుకారు వద్ద తెచ్చిన అప్పు నెత్తిన ఉండగానే పూత వస్తుంది. మార్చి మొదలు మే వరకు పిక్క రాలిన కొద్దీ అది అప్పు ఇచ్చిన వాని కాటాకే చేరుతుంది. ఆనాటికి ధర అడిగే అధికారం రైతుకు ఉండదు. మందస, వజ్రపుకొత్తూరు, పలాస, కవిటి మండలాలలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. అయితే తెలిసిన దానిని కాగితం మీద లెక్క కట్టి చూసిన ఇళ్ళు మాత్రం తక్కువ.

ఒక రైతుకు ఇరవై బస్తాల పిక్క పండుతుందనుకుందాం. యాభై వేలు అప్పు తెచ్చాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు. వినడానికి రెండే కదా అనిపిస్తుంది. ఏడాదికి అది నూటికి ఇరవై నాలుగు. పది నెలలకు వడ్డీయే పది వేలు. అప్పు ఉన్నందున బస్తాకు ఐదువందలు తగ్గించి ఇచ్చాడంటే, ఇరవై బస్తాలకు మరో పది వేలు. మొత్తం ఇరవై వేలు! ఇదే యాభై వేలు కిసాన్ క్రెడిట్ కార్డుపై బ్యాంకులో తీసుకుని గడువులోగా చెల్లిస్తే వడ్డీ ఏడాదికి నూటికి నాలుగు, అనగా మన లెక్కలో నెలకు నూటికి ముప్పైమూడు పైసలు. పది నెలలకు పదిహేడు వందలు దాటదు. మిగిలే పద్దెనిమిది వేలకు రైతు అదనంగా ఒక్క చెట్టూ నాటనక్కరలేదు. ఐదేళ్ళలో అది తొంభై వేలు. సంపద కూడబెట్టడమెలాగని అడిగేవారు ఉద్దానంలో ముందుగా చూడవలసిన చోటు ఇదే.

షావుకారును తిట్టి ప్రయోజనం లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా అతడు డబ్బు ఇస్తాడు. బ్యాంకు పాసు పుస్తకం, అడంగలు, సంతకాలు అడుగుతుంది. కౌలుదారుకు చాలా సార్లు అవీ ఉండవు. మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న ఈ ప్రాంతంలో అర్ధరాత్రి అవసరాలు తక్కువేమీ కావు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనా, రోగితోపాటు ఇంట్లో మరొకరి కూలి కూడా పోతూనే ఉంటుంది. కనుక అప్పు చేయవద్దని రైతుకు నీతులు చెప్పడం తేలిక. అప్పును పంట నుండి విడదీయడమే అసలు పని.

అందుకు ప్రకృతి ఒక వెసులుబాటు ఇచ్చింది. జీడిపిక్క టమాటా కాదు. రెండు మూడు రోజులు ఎండలో బాగా ఆరబెట్టి గోనె సంచులలో పొడిచోట ఉంచితే నెలల తరబడి చెడదు. కోత మధ్యలోనే తెగనమ్ముకోవలసిన అగత్యం పిక్కకు లేదు, అప్పుకే ఉంది. గిడ్డంగిలో సరుకు పెట్టి ఆ రశీదుపై రుణం పొందే పద్ధతికి 2007 నాటి చట్టమే ఉన్నది. ఉద్దానం ఊళ్ళకు అందుబాటులో తగిన గిడ్డంగులు లేకపోతే ఆ చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

ఇక బేరం సంగతి. ఇటీవలి సంవత్సరాలలో రైతు సంఘాలు 80 కిలోల బస్తాకు పదహారు వేలు కోరుతూ రోడ్డెక్కాయి. వ్యాపారులు ఇచ్చిన ధర దానికి చాలా దూరంలో నిలిచింది. ఆఫ్రికా దేశాల నుండి పిక్క దిగుమతి అవుతున్నందున ధర నిర్ణయం ఇప్పుడు కాశీబుగ్గ బజారులో మాత్రమే జరగడం లేదు. ప్రపంచ వ్యాపారులు పిక్కను ఎలా కొంటారో మన రైతుకు ఎవరూ చెప్పలేదు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్నదే వారి కొలత. మంచి పిక్కకు ఇరవై, ఇరవై రెండు కిలోల పప్పు వస్తుంది. ఈ పరీక్ష ఇంట్లోనూ చేయవచ్చు. కిలో పిక్కలు కోసి మంచి పప్పును తూచితే పావు కిలోకు పైగా రావాలి. ఆ తూకం తెలిసిన రైతు కాటా దగ్గర నోరు విప్పగలడు.

పలాస కార్ఖానాలలో పిక్క కొట్టి, తొక్క తీసి, గుండ్లనూ బద్దలనూ వేరుచేసే చేతులు ఎక్కువగా స్త్రీలవి. పౌనుకు 180 గింజలు తూగే పప్పేదో, 320 తూగేదేదో వారు చూపుతోనే చెబుతారు. ఈ నైపుణ్యానికి దక్కేది కూలి మాత్రమే. 1982లో మొదలైన డ్వాక్రా పథకాన్ని తొలివిడతలో అమలు చేసిన జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పొదుపు నేర్చుకున్న స్త్రీలలో కొందరైనా ఇప్పటికి యజమానులు కావద్దా? చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో ప్రారంభించిన పథకంలో పెట్టుబడిపై 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రాయితీ పెట్టారు. కానీ రాయితీతో యంత్రం వస్తుంది, పిక్క రాదు. మూడు నెలలలో కొన్న సరుకును ఏడాది పొడవునా నడపాలంటే నిల్వకు డబ్బు కావాలి. చిన్న యూనిట్లు తరచు మునిగేది ఇక్కడే. యంత్రానికి అప్పు ఇచ్చి సరుకుకు ఇవ్వని బ్యాంకు ఆ యూనిట్‌ను మూతపడేందుకే తెరిపిస్తున్నట్లు లెక్క.

సరుకు పండిన చోటే దానికి విలువ చేర్చడం ఈ గడ్డకు తెలియని విద్య కాదు. గోగునార పండే రాజాంలో 1978లో ఒక జ్యూట్ మిల్లుతో మొదలైన గ్రంధి మల్లికార్జునరావు విమానాశ్రయాల దాకా వెళ్ళారు. ఆ రాజాం 2022లో విజయనగరం జిల్లాకు పోయింది. అది వేరే సంగతి. అందరూ మిల్లులు పెట్టలేరన్నది నిజమే. పదిమంది కలిసి ఒక పిక్కల గది పెట్టలేరా అన్నదే మా ప్రశ్న.

మిగిల్చిన డబ్బును ఎక్కడ దాచాలన్నది మరో చిక్కు. ఊరివాడే ఏజెంటు, బంధువే వసూలుదారు అన్న నమ్మకంతో అగ్రిగోల్డ్‌లో రోజుకు పదీ ఇరవై కట్టినవారు రాష్ట్రమంతటా లక్షల సంఖ్యలో ఉన్నారు. 2014 తరువాత ఆ సొమ్ము చిక్కుబడిపోయింది. పది వేల లోపు కట్టినవారికి 2019లోనూ, ఇరవై వేల లోపువారికి 2021లోనూ ప్రభుత్వం చెల్లించింది. అంటే సొంత పొదుపు కోసం ఏళ్ళు ఎదురుచూశారు. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల వరకు బీమా ఉంది. ఊరి చీటీకి అది లేదు. చీటీ వేసేవారు రిజిస్ట్రారు అనుమతి పత్రం చూపమని అడిగితే మర్యాద తక్కువ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తోటలను కూల్చిన జిల్లా ఇది. మళ్ళీ నాటిన జీడిచెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు ఇల్లు గడిచేది తోట వెలుపల దాచిన డబ్బుతోనే.

బ్యాంకుల రుణ శిబిరాలు సంక్రాంతికి ముందే ఊళ్ళలో జరగాలి. కౌలు గుర్తింపు కార్డులు అప్పటికి చేతికి అందాలి. మందస, వజ్రపుకొత్తూరులలో పిక్క నిల్వ చేసే గిడ్డంగులకు స్థలం చూపవలసింది జిల్లా యంత్రాంగం. పిక్క రాలాక ఏప్రిల్‌లో శిబిరం పెడితే అప్పటికి సరుకు కాటా దాటి ఉంటుంది.