సగం ధరకు ఎవరి యిల్లు?

ఒంగోలులో యీ మధ్య మన ఉద్యోగుల నోట వొక మాట తరచుగా వినిపిస్తోంది. "బ్యాంకు వేలంలో యిల్లు పట్టుకుంటే సగానికి సగం కలిసొస్తుందంట." టీచర్లు అంటున్నారు. కరెంటాఫీసులో వాళ్లు అంటున్నారు. హైదరాబాదులో, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఫోన్లో చూసి ఇంటికి చెబుతున్నారు. జిల్లా పేరు కొడితే చాలు, బ్యాంకులు జప్తు చేసిన యిళ్ల జాబితా వచ్చి పడుతుంది. ఎన్ని గజాలు, కనీస ధర ఎంత, ముందు కట్టాల్సిన ధరావతు ఎంత, వేలం ఏ రోజు ఎన్ని గంటలకు - అన్నీ వుంటాయి. ఫోటో కూడా వుంటుంది. వొక్కోసారి ఆ ఫోటోలో దండెం మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తాయి.

ఆ బట్టలు ఎవరివి అని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ 'బ్యాంక్‌నెట్' అని కొత్త వేలం వేదిక తెచ్చింది. లక్షా 22 వేలకు పైగా ఆస్తులు దాంట్లోకి ఎక్కించామని గొప్పగా ప్రకటించుకుంది. అందులో ఫ్యాక్టరీలున్నాయి, షాపులున్నాయి, ఖాళీ స్థలాలున్నాయి. కాదనం. మనుషులు కాపురముంటున్న యిళ్లు కూడా వున్నాయి. ఆ యిళ్ల సంగతే మేము మాట్లాడేది.

"అగ్రకులాల వాళ్లు కొంటే లేంది మేం కొంటే వచ్చిందా? తరతరాలుగా సెంటు భూమి లేనోళ్లం, నాలుగు రాళ్లు కూడబెట్టుకుంటే మీకు కడుపుమంటా?" - ఈ ప్రశ్న వస్తుందని మాకు తెలుసు. అయ్యా, కొనండి. మనవాళ్లకు ఆస్తి వద్దని చెప్పే పని మాది కాదు. ఆ పని చేయడానికి ఊళ్లో చాలామంది వున్నారు. కానీ కొనబోయే ముందు ఆ జాబితాలో కులం ఎక్కడెక్కడ కూర్చుని వుందో చూడండి అంటున్నాం.

జాబితాలో కులం అని కాలమ్ లేదు గదా అంటారు. లేదు. అవసరం లేదు కాబట్టి లేదు. వేలం నోటీసులో అప్పు తీసుకున్న మనిషి పేరు, తండ్రి పేరు, యింటికి నాలుగు దిక్కులా హద్దులు వేస్తారు. తూర్పు ఏసుపాదం యిల్లు, పడమర పంచాయతీ బాట, దక్షిణం మరియమ్మ యిల్లు, ఉత్తరం చర్చి స్థలం. ఒంగోలు చుట్టుపక్కల ఈ నాలుగు ముక్కలు చదివి యిది పల్లెలో యిల్లు అని చెప్పలేని మనిషి ఎవరైనా వున్నాడా? వాస్తు చూసేవాడు వాస్తు కంటే ముందు అదే చూస్తాడు. చూసి పక్కకు పోతాడు. మొదటి పాటకు ఎవరూ రారు. రెండోసారి 15 రోజుల గడువిచ్చి మళ్లీ వేలం పెడతారు. కనీస ధర తగ్గుతుంది. అప్పటికీ రాకపోతే యింకా తగ్గుతుంది. అదే కొలతలు, అదే సిమెంటు, అదే ఇసుక. ఊళ్లో వుంటే వొక ధర, పల్లెలో వుంటే వొక ధర.

ధర తగ్గితే కొనేవాడికి లాభం. మరి యిల్లు పోయినవాడికి? ఈ వేలాలన్నీ 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద జరుగుతాయి. యిల్లు అమ్మగా వచ్చిన సొమ్ము బాకీకి సరిపోకపోతే మిగిలిన బాకీ కోసం బ్యాంకు మళ్లీ వెంటపడొచ్చని ఆ చట్టంలోనే రాసి వుంది. అర్థమైందా? పల్లెలో యిల్లు కాబట్టి పాట పెరగలేదు. పాట పెరగలేదు కాబట్టి బాకీ తీరలేదు. యిల్లు పోయింది, బాకీ మిగిలింది. ఊరోళ్ల అంటరానితనం ఖరీదు కూడా మన ఖాతాలోనే రాసుకుంటున్నారు. 'సగం ధరకు వస్తోంది' అని మనవాడు సంబరపడే ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో యిప్పుడైనా లెక్క కట్టుకోవాలి.

అసలు మనవాళ్లు యింటి కోసం అంత అప్పు ఎందుకు చేస్తారో కూడా చెప్పుకోవాలి. అద్దెకు దొరకదు కాబట్టి. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు తల దాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. నూరేళ్లు దాటాయి. ఒంగోలులో టూలెట్ బోర్డు చూసి గేటు తీసిన మన టీచరమ్మను యింటామె మంచినీళ్లిచ్చి మరీ అడుగుతుంది, "మీరేవిట్లండీ?" అని. జవాబు చెప్పగానే "ఆయన్ని అడిగి చెబుతాం" అంటుంది. ఆయన ఏం చెబుతాడో అందరికీ తెలుసు. ఈ అవమానం పడలేకే జీతం మీద అప్పు తీసుకుని, పీఎఫ్ తీసి, పెళ్లాం మెళ్లో గొలుసు పెట్టి రెండు గదులు వేసుకుంటారు. ఊరోడి యిల్లు జప్తయితే అద్దె యింట్లోకి మారతాడు. మనోడి యిల్లు జప్తయితే మళ్లీ ఆ గేటు ముందుకే వెళ్లి నిలబడాలి.

1985 జులై 17న కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన మనవాళ్లకు యిల్లంటే ఏమిటో యింకొకరు చెప్పక్కర్లేదు. కారంచేడు యిప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ అప్పట్లో మన ప్రకాశం జిల్లాలోదే. ఊరొదిలి వచ్చి వేరేచోట గోడలు లేపుకున్న జనం మనం. మన జనానికి యిల్లంటే పెట్టుబడి కాదు.

ఇక చట్టం సంగతి. మూడు నెలలు వాయిదాలు పడిపోతే ఖాతాను మొండి బాకీ కింద రాస్తారు. తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. సాధారణంగా ఇంగ్లీషులో వస్తుంది. మేము వెళ్లిన వొక యింట్లో ఆ నోటీసు బియ్యం డబ్బా కింద మడత పెట్టి వుంది. మునిసిపాలిటీలో ఊడ్చి రిటైరయిన తల్లి, కొడుకు కోళ్ల షాపు అప్పుకు హామీ సంతకం పెట్టింది. "ఏదో బ్యాంకు కాగితం నాయనా, మావోడు వచ్చినప్పుడు చూస్తాడని దాచా" అన్నది. హామీదారు కూడా ఈ చట్టంలో అప్పుదారు కిందే లెక్క అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకున్నప్పుడు టీ యిచ్చారంట, అది మాత్రం గుర్తుంది.

ఆ 60 రోజుల్లో అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబు చెప్పాలి. అదీ ఎవరికీ తెలియదు. గడువు దాటితే గోడకు స్వాధీన ప్రకటన అంటిస్తారు, రెండు పత్రికల్లో వేస్తారు, అందులో వొకటి స్థానిక భాషది. ఆ తర్వాత వేలం ప్రకటన.

2016కు ముందు వేలం ఖాయమైన రోజు దాకా బాకీ కట్టి యిల్లు విడిపించుకునే హక్కు వుండేది. 2016లో చట్టం మార్చారు. యిప్పుడు వేలం ప్రకటన అచ్చయ్యే లోపే కట్టాలి. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. దీనర్థం ఏమిటి? మన ఉద్యోగి ఫోన్లో ఆ యిల్లు కనిపించేసరికే లోపలున్న మనిషికి హక్కుగా విడిపించుకునే దారి పోయింది. కొనేవాడికి తలుపు తీసిన రోజే వున్నవాడికి తలుపు మూశారు. ఆ తర్వాత బ్యాంకు దయతలిస్తే తలచాలి, లేదా ట్రిబ్యునల్‌కు పోవాలి. ట్రిబ్యునల్ ప్రకాశం భవన్ పక్కన వుంటుందనుకున్నారేమో, విశాఖపట్నంలో వుంది. బ్యాంకు చర్య తీసుకున్న 45 రోజుల్లో అక్కడ దరఖాస్తు పడాలి. అక్కడ ఓడితే అప్పీలు కలకత్తాలో. అప్పీలు వినాలంటే బాకీలో సగం ముందు కట్టాలి, ట్రిబ్యునల్ కరుణిస్తే పావు వంతు. సగం బాకీ కట్టే స్తోమతే వుంటే ఆ తల్లికి కలకత్తాతో పనేముంది? మామూలు సివిల్ కోర్టుకు పోదామంటే ఆ తలుపు చట్టమే మూసేసింది.

విజయ్ మాల్యాకూ ఇదే చట్టం. బ్యాంకులకు 9 వేల కోట్ల దాకా బాకీ పెట్టి 2016 మార్చిలో దేశం దాటాడు. ముంబైలో కింగ్‌ఫిషర్ హౌస్‌ను 150 కోట్ల కనీస ధరతో వేలానికి పెట్టారు. ఎవరూ రాలేదు. తగ్గించారు, మళ్లీ పెట్టారు, మళ్లీ తగ్గించారు. 2021లో 52 కోట్ల చిల్లరకు హైదరాబాదు కంపెనీ వొకటి కొన్నది. ఆ అయిదేళ్లూ మాల్యా లండన్‌లో అద్దె యింటి కోసం గేట్లు తట్టలేదు. ఆయన్నీ మన కోళ్ల షాపు పిల్లాణ్నీ వొకే మాటతో పిలుస్తున్నారు, ఎగవేతదారు అని.

యింకో సంగతి చాలామందికి తెలియదు. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. భూమి లేని పేదలకు ప్రభుత్వం యిచ్చిన పొలాన్నీ యింటి స్థలాన్నీ ఎవరూ కాజేయకూడదని పెట్టిన చట్టం. మంచిదే. ఆరో సెక్షన్ చదవండి. సహకార సంఘం గానీ షెడ్యూల్డ్ బ్యాంకు గానీ తనఖా పట్టిన భూమికి ఈ నిషేధం వర్తించదు. బ్యాంకు అప్పు పుట్టాలనే ఆ వెసులుబాటు పెట్టామంటారు. కావచ్చు. కానీ ఫలితం చూడండి. అమ్మ ఆపరేషన్ కోసం పక్కవాడికి అమ్మితే అది చెల్లదు, నేరం. బ్యాంకు తనఖాలో పోతే నిషేధం అడ్డు రాదు. 2023లో రాష్ట్రం చట్టం మార్చి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములు అమ్ముకోవచ్చన్నది. దాని మీద రాజకీయం ఎంత నడిచిందో అందరూ చూశారు. ఆరో సెక్షన్ సంగతి మాత్రం ఏ పార్టీ ఎత్తలేదు.

ఫోన్లో జాబితా చూసి జప్తు యిళ్లు ఏరుకునే విద్య అమెరికాలో ముందు పుట్టింది. అక్కడేం జరిగిందో చూస్తే మనకు కొత్తగా అనిపించదు. నల్లవాళ్లకు, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాలకు ఎక్కువ ఖరీదైన అప్పులు అంటగట్టారని అక్కడి ప్రభుత్వమే కేసులు పెట్టింది. కంట్రీవైడ్ 2011లో 33 కోట్ల 50 లక్షల డాలర్లు, వెల్స్‌ఫార్గో 2012లో 17 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. 2008 సంక్షోభంలో ఆ వాడల్లో యిళ్లు వరసపెట్టి జప్తయ్యాయి. తర్వాత బ్లాక్‌స్టోన్ లాంటి పెట్టుబడి సంస్థలు జప్తు యిళ్లను వేల లెక్కన కొని అద్దెకిచ్చాయి.

మన దగ్గర పాట గెలిచినవాడు పాతిక శాతం ఆ రోజో మర్నాడో కట్టాలి. మిగతాది 15 రోజుల్లో కట్టాలి. యిది చేతిలో రొక్కం ఆడేవాళ్ల ఆట. నెల జీతగాడు ఆ రొక్కం ఎక్కడ తెస్తాడు? వడ్డీకి తెస్తాడు. రెండేళ్లలో తన యిల్లే ఆ జాబితాలో చూసుకుంటాడు. పైగా బ్యాంకు అమ్మేది 'ఎక్కడున్నది అక్కడ, ఎలా వున్నది అలా'. పన్ను బకాయిలు, పాత తగాదాలు, లోపలున్న మనుషులు, అన్నీ కొన్నవాడి నెత్తినే. స్వాధీనం కాగితం మీదే వుందని జాబితాలో చిన్నగా రాస్తే దానర్థం, లోపల పొయ్యి వెలుగుతూనే వుందని. ఆ పొయ్యి ఆర్పడానికి ఎవరిని పంపుతారు? కిరాయి మనుషుల్ని పంపుతారా, మీరే పోతారా? బొట్టు పెట్టుకునో, శిలువ వేసుకునో, నీలి కండువా కప్పుకునో పోతారా? ఏప్రిల్ 14న దండ వేసిన చేత్తో మే నెలలో పల్లెలో యింటి సామాను బయట పెట్టిస్తారా?

మేమడిగేది వొక్కటే. జాబితాలో పల్లె హద్దులు కనబడితే ధరావతు కట్టే ముందు వొకసారి ఆ యింటికి పోండి. కొనడానికి కాదు, చెప్పడానికి. నోటీసు సరిగ్గా యిచ్చారా, అమ్మకానికి 30 రోజుల ముందు తెలియజేశారా, ధర కట్టిన తీరు సరైందేనా అని కాగితాలు చూడండి. చదువుకున్నది అందుకే గదా. బాకీ అసలు వడ్డీ మొత్తంలో 20 శాతం కంటే తక్కువే మిగిలి వుంటే ఈ చట్టం కింద యింటి మీదకు రాకూడదు. లక్ష లోపు అప్పుకూ అంతే. వ్యవసాయ భూమి మీదకూ రాకూడదు.

వేలం జాబితాలో కనిపించేసరికి ఆలస్యమవుతుందని పైన చెప్పాం. కాబట్టి ప్రతి పల్లెలో చదువుకున్న వొక పిల్లో పిల్లాడో వారానికొకసారి తెలుగు పేపర్లలో స్వాధీన ప్రకటనలు చూడాలి. సినిమా పేజీ తర్వాత చూడొచ్చు. మన పేర్లు, మన వీధులు కనబడితే అదే రోజు ఆ తలుపు తట్టాలి. లాయరు ఫీజుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టాలి. ఒంగోలులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి కులం సర్టిఫికెట్టు చూపి అడగండి. రేపు రమ్మంటే రేపూ పోండి, కానీ 45 రోజులు లెక్కపెట్టుకుంటూ పోండి. బ్యాంకు నుంచి ఏ కవరు వచ్చినా, లోపల కాగితం అర్థం కాకపోయినా, కవరు మాత్రం పారేయొద్దు. దాని మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ వుంటుంది. నోటీసు ఎప్పుడు అందిందో ట్రిబ్యునల్‌లో చూపించడానికి అదే కావాలి.