ఇచ్చినవారు ఎవరు?

బొమ్మిడి రైలుస్టేషను దగ్గరి చిన్న అంగడిలో కూడా నేడు ‘డేటా’ అనే మాట వినిపిస్తుంది. అక్కడ దాని అర్థం ఫోను రీఛార్జి. ఈ రోజుది అయిపోయిందా, ఇంకా మిగిలిందా అన్నదే అక్కడి ప్రశ్న. పెద్ద వ్యాపార సంస్థలవారు ఇదే మాటను వేరే అర్థంలో వాడుతారు. కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, కొన్న సరుకుల పట్టికలు, వీటన్నిటినీ కలిపి డేటా అంటారు; అది తమ ఆస్తి అని కూడా అంటారు. ఆ రెండవ మాటను నేను ఒప్పుకోను.

మాట పుట్టుకను చూడండి. లాటిన్ భాషలో ‘డాటుమ్’ అంటే ఇచ్చినది. ‘డాటా’ దాని బహువచనం. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రేఖాగణితం మీద రాసిన ఒక గ్రంథం పేరుకు కూడా ‘ఇచ్చినవి’ అనే అర్థం. మన లెక్కల పుస్తకంలో దీన్నే దత్తాంశం అంటున్నాం. దత్తం అంటే ఇచ్చినదే కదా! దాత, దానం, దత్తత అన్నీ ఆ కుటుంబంలోని మాటలే. మన చుట్టూ వినిపించే తమిళంలో దీనిని ‘తరవు’ అంటారు. అందులోనూ ఇవ్వడమే ఉంది. ఇన్ని భాషలు ఇచ్చినవాణ్ణి గుర్తు పెట్టుకొన్నాయి. వ్యాపారం మాత్రం పుచ్చుకొన్నవాణ్ణే గుర్తు పెట్టుకొంటున్నది.

చెదరి ఉన్న వివరాలను ఒకచోట చేర్చి, సరిచూసి, పట్టికగా వేయడం శ్రమే. ఆ శ్రమ ఫలం సంస్థదే, కాదనను. కాని పూర్వం అంగడివారి చిట్టా, ఆవర్జాలలో ఏముండేది? ఏ ఇంటివారు నెలకెంత బియ్యం కొన్నారు, ఎవరి బాకీ ఎన్నాళ్ళుగా తీరలేదు, ఇవన్నీ ఉండేవి. ఒకరి పద్దు మరొకరికి చూపితే మరునాడే ఆ ఇంటివారు వేరే అంగడికి పోయేవారు. నేడు బిల్లు వేసేటప్పుడు ఫోను నంబరు అడుగుతారు. ఎందుకని మనమూ అడగం. వ్యక్తిగత వివరాలు తీసుకొనేవారు దేనికోసమో ముందే తెలపాలని, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకొనే హక్కు మనకుందని 2023లో మన పార్లమెంటు చేసిన చట్టం చెబుతున్నది.

రైతు సంగతి మరీ విచిత్రం. మన ధర్మపురి జిల్లాలో టమోటా పంట విస్తారం. పెట్టె 450 రూపాయలకు పోయింది అంటారు. పెట్టెలో 15 కిలోలుంటే కిలో 30 రూపాయలు. 25 కిలోలుంటే 18 రూపాయలే. తూకం, తేది, కాయ రకం తెలియని 450 వట్టి అంకె. దానితో ఏ బేరమూ ఆడలేం. ఆ వివరాలన్నీ మండీవారి పుస్తకంలో ఏళ్ళ తరబడి ఉంటాయి. ఆ పుస్తకంలోని ప్రతి వరుసా ఎవరో ఒక రైతు దించిన సరుకే. ఆయనకు మాత్రం నిన్నటి ధర ఒక్కటే జ్ఞాపకం.

మీ ఇంట్లో సేద్యం ఉంటే ఒక నోటుపుస్తకం తీయండి. తేది, తూకం, రకం, ధర, కమీషను, బండి బాడుగ రాయండి. వచ్చే ఏడు నారు ఏ నెలలో పోయాలని నాయన, తాత మాట్లాడుకొనేటప్పుడు దానిని వారి ముందు తెరవండి.